ఫ్లెక్సీల్లో శారదమ్మ

సీతాఫల్‌మండిలో శారదమ్మను ఎరగనివాళ్ళు ఉంటే ఉండవచ్చు గానీ, ఆమె ముఖం ఎరగనివాళ్ళు మాత్రం లేరు. మార్కెట్టు మలుపులో మోకాళ్ళ నొప్పులు మాయమై నవ్వుతున్నది ఆమే. స్కూలు గోడ మీద వృద్ధాప్య పింఛను అందుకుని నవ్వుతున్నది ఆమే. కొత్తింటి తాళంచెవి పట్టుకుని, తాకట్టు బంగారం విడిపించుకుని, శుద్ధి చేసిన మంచినీళ్ళు తాగి, జుట్టు రాలడం ఆగిపోయి, అన్నిచోట్లా అదే నవ్వు నవ్వుతున్నది ఆమే. మారేది చీర రంగు ఒక్కటే. ఎవరి ఫ్లెక్సీ అయితే వాళ్ళ రంగు.

ఇదంతా ఆమె భర్త పర్వతాలు చేసిన ఘనకార్యం. అతను ఒకప్పుడు కుంచెతో దుకాణాల బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి కుంచెల పని అటకెక్కాక, నిచ్చెన అమ్మేసి కంప్యూటరు కొన్నాడు. షాపు పేరు మాత్రం 'పర్వతాలు ఆర్ట్స్' అనే ఉంచుకున్నాడు. పదేళ్ళ కిందట ఒక ఉదయం హరికిషన్ పరుగెత్తుకొచ్చాడు. హరికిషన్ అంటే అప్పట్లో కార్పొరేటర్ కావాలని ఉబలాటపడుతున్నవాడు, ఇప్పటికీ ఉబలాటపడుతూనే ఉన్నవాడు. మధ్యాహ్నానికల్లా పెద్దాయన ఎవరో వస్తున్నారు, పింఛను తీసుకుని సంతోషంగా నవ్వుతున్న ముసలమ్మ ఫొటోతో ఫ్లెక్సీ కావాలన్నాడు. పింఛను తీసుకుంటున్న ముసలమ్మలు బస్తీలో ఉన్నారు గానీ, ఫొటోల్లో నవ్వినవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. పర్వతాలుకు ఏమీ తోచక తన మేనల్లుడి పెళ్ళి ఫొటోలు తెరిచాడు. బరాత్‌లో తను కాలు జారి పడ్డప్పుడు భార్య విరగబడి నవ్విన ఫొటో ఒకటి అందులో ఉంది.

అప్పటికి శారదమ్మకు యాభై కూడా నిండలేదు. పర్వతాలు కంప్యూటర్లో ఆమె జుట్టు తెల్లగా చేసి, నుదుటి మీద రెండు ముడతలు పెట్టి, ఫ్లెక్సీ ప్రింటు తీసి ఇచ్చేశాడు. ఆ సాయంత్రం కూరగాయలకు వెళ్ళిన శారదమ్మ తనను తాను చూసుకుని సంచీ అక్కడే జారవిడిచింది. రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. పింఛను తీసుకున్నట్టు అబద్ధం రాసినందుకు కాదు, జుట్టు తెల్లగా చేసినందుకు.

తర్వాత సంగతి అతని చేతుల్లో లేకుండా పోయింది. కంప్యూటర్లో ఆ ఫొటోకు 'నవ్వే అమ్మ' అని పేరు పెట్టుకున్నాడు. ఒక డిజైనరు వచ్చి పెన్‌డ్రైవులో వేసుకుపోయాడు, అతని దగ్గర ఇంకొకడు తీసుకున్నాడు. భార్య ముఖం ఏ ఊళ్ళో ఏ గోడ మీద ఏం అమ్ముతోందో కట్టుకున్నవాడికే తెలియని పరిస్థితి వచ్చింది. పెళ్ళికో పేరంటానికో వెళ్ళినచోట ఎవరైనా ఆమెను తేరిపార చూస్తుంటే, పర్వతాలు తల దించుకుని మంచినీళ్ళ కోసం వెళ్ళేవాడు.

శారదమ్మ మెత్తని మనిషి. కొన్నాళ్ళు కోపగించుకుని ఆ తర్వాత తనూ నవ్వడం మొదలుపెట్టింది. "అత్తా, కొత్తింటికి దావత్ ఎప్పుడిస్తవ్?" అని పిల్లలు వెంటపడితే, "మోకాళ్ళు జెర కుదురుకోనీ బిడ్డా, మెట్లెక్కాలె గదా" అనేది. బస్తీకి మాత్రం ఆమె ముఖం ఒక గుర్తయిపోయింది. నీళ్ళు ఇరవై నాలుగ్గంటలూ వస్తాయని ఫ్లెక్సీ కడితే, ఆడవాళ్ళు ముందుజాగ్రత్తగా డ్రమ్ములు నింపుకునేవారు. అందులో శారదమ్మ నవ్వుతూ కనబడిందంటే ఇంకో రెండు బిందెలు కూడా నింపుకునేవారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. పదేళ్ళుగా ఆ నవ్వు వెనకాల నుంచి బస్తీకి వచ్చింది ఏమీ లేదు.

పర్వతాలు ఆర్ట్స్‌ను ఆనుకుని గోడకు అవతల 'గోదావరి రుచులు' కర్రీ పాయింటు. అమలాపురం దగ్గర నుంచి ఇరవై ఏళ్ళ కిందట వచ్చిన జోగారావు, జగదాంబ దంపతులది. జగదాంబ లోపల పొయ్యిల దగ్గర వండుతుంది, జోగారావు ముందు బల్ల దగ్గర కవర్లలో కట్టి ఇస్తాడు. మధ్యాహ్నం మూడు గంటలకు వంటలు ఒక కొలిక్కి వచ్చాక, సాయంత్రం బేరానికి కూరగాయలు ఒలిచే పని ఉంటుంది. ఆ వేళకు శారదమ్మ వెళ్ళి వెనక గుమ్మంలో జగదాంబ పక్కన కూర్చునేది. పీటల మధ్య చాట పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఒకరి తిండిని ఒకరు వెక్కిరించుకుంటూ, వదినా అంటే వదినె అనుకుంటూ ఏళ్ళు గడిపేశారు. ఇంట్లోవాళ్ళకు చెప్పుకోలేనివి ఆ చాట దగ్గర చెప్పుకున్నారు.

చెప్పుకోనిది ఒక్కటే. ఇద్దరికీ కళ్ళల్లో పొరలు కమ్ముతున్నాయి. ఒకరికి తెలియకుండా ఒకరు దాచిపెట్టి, చూపు అవసరం లేనట్టు వేళ్ళతో తడుముతూ పుచ్చిన కాయలు ఏరేవారు. ఆ ఏడాది చిక్కుడుకాయ కూరలో కొంత మాంసాహారం కూడా కలిసిందని జోగారావు తర్వాత ఎప్పుడో ఒప్పుకున్నాడు.

ఇట్లా ఉండగా యోగిత వచ్చింది. మారేడ్‌పల్లి పిల్ల, పాతికేళ్ళుంటాయి. సైనిక్‌పురిలో కొత్తగా పెట్టిన వెన్నెల కంటి ఆసుపత్రిలో ప్రచారం పని చూస్తుంది. ఉచిత శుక్లాల ఆపరేషన్ల శిబిరానికి నలభై ఫ్లెక్సీలు కావాలని ఫోన్లోనే చెప్పి, వాళ్ళ డిజైనరు పంపిన ఫైలు పంపించింది. పర్వతాలు తెరిచి చూస్తే ఏముంది, అందులోనూ శారదమ్మే. పక్కన పెద్ద అక్షరాలతో 'నా చూపు నాకు తిరిగొచ్చింది' అని ఉంది. ఇక అలవాటైపోయినవాడు కాబట్టి, నిట్టూర్చి మిషను ఆన్ చేశాడు.

ప్రింటు ఎలా వస్తోందో చూద్దామని యోగిత స్వయంగా షాపుకొచ్చింది. ఆడపిల్ల వచ్చిందని శారదమ్మ టీ పెట్టి తెచ్చింది. తెచ్చి, బల్ల అంచుకు బెత్తెడు ఇవతల, ఏమీ లేనిచోట గ్లాసు పెట్టేసింది. గ్లాసు కింద పడి భళ్ళున పగిలింది. వంగి గాజుపెంకులు తీయబోతున్న శారదమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, యోగిత ఒకసారి ఆమె ముఖంలోకి, ఒకసారి మిషను మీద జారుతున్న ఫ్లెక్సీలోకి చూసింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"ఆంటీ, ఇది మీరేనా?"

"నేనే బిడ్డా. అన్నీ నేనే."

"మీకు ఆపరేషన్ ఎప్పుడైంది?"

"ఏ ఆపరేషన్? గీ ఫ్లెక్సీల ఎన్నో అయినయి," అంది శారదమ్మ తాపీగా.

యోగిత కుర్చీలో కూలబడింది. ఇన్నాళ్ళూ కంప్యూటర్లో చూసిన ముఖం ఎవరిదో, ఎక్కడిదో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. నలభైలో ముప్ఫై రెండు ఫ్లెక్సీలు అప్పటికే ప్రింటయిపోయాయి. కాసేపు గోళ్ళు కొరుక్కుని చివరికి అంది: "ఆంటీ, ఒక రిక్వెస్ట్. మీరు నిజంగానే ఆపరేషన్ చేయించుకోండి. డాక్టర్లు మంచివాళ్ళు, నేను ప్రామిస్ చేస్తున్నా. అప్పుడు కనీసం ఈ ఒక్కటైనా నిజమవుతుంది కదా."

పర్వతాలు ససేమిరా అన్నాడు. "గీ రాతలన్నీ టైపు చేసేది నేనే. నాకు తెల్వదా గివన్నీ ఏందో? కన్నుతోని ఆటలొద్దు శారదా."

శారదమ్మ మాత్రం చీపురు తెచ్చి గాజుపెంకులు తుడవబోయి, అవి ఎక్కడున్నాయో కనబడక ఆగిపోయింది. అలా నిలబడి అంది: "పదేండ్ల సంది అందరు చేసే మేలు నా మొకానికే అయితున్నది. ఒక్కటన్న నాకు కానీయ్."

ఆ మాట విన్నాక పర్వతాలు తనే ఆటో మాట్లాడి తీసుకెళ్ళాడు.

కుడికంటికి ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పితే శారదమ్మకు ముందు డాక్టరమ్మ మెడలోని నల్లపూసలు ఒక్కొక్కటిగా కనిపించాయి. తర్వాత మొగుడు కనిపించాడు. ఇన్నాళ్ళూ మసకలో బాగానే ఉన్న మనిషి కళ్ళ కింద సంచులతో, గడ్డం కింద గీసుకోవడం మరిచిపోయిన నాలుగు తెల్ల వెంట్రుకలతో, భయపడిపోయి నిలబడి ఉన్నాడు. ఆమెకు అతని మీద ఎక్కడలేని జాలీ ప్రేమా పుట్టుకొచ్చాయి. "గంత ముసలోడివి ఎప్పుడైనవయ్యా?" అంది. పర్వతాలు ఆసుపత్రి వరండాలోకి వెళ్ళి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం నల్లకళ్ళద్దాలు పెట్టుకుని శారదమ్మ మామూలుగా చాట దగ్గరకు వెళ్ళింది. జగదాంబకు ఒక మంచి మాట చెప్పబోతున్నానని ఆమెకు కడుపులో సంతోషం పొంగుతోంది. గుమ్మంలో నీడపట్టున కూర్చుని అద్దాలు తీసి చిక్కుడుకాయ అందుకోబోయి, జగదాంబ చేతులు చూసింది. మణికట్టు నుంచి మోచేతి వరకూ కాలిన మచ్చలు. కొన్ని నల్లబడ్డవి, కొన్ని ఎర్రగా తేలినవి, ఒకటి ఇంకా పసుపు పూసి పచ్చిగానే ఉంది. పెనం ఎక్కడుందో, మూకుడు అంచు ఎక్కడుందో చూపుకు అందక, చేతికి తగిలాక తెలుసుకుంటున్న మనిషి చేతులవి. ఇన్నాళ్ళూ ఈ చేతుల పక్కనే కూర్చుని కబుర్లు చెప్పింది కదా అనుకునేసరికి శారదమ్మకు గుండె తరుక్కుపోయింది. ఆమె చూపు అటు నిలిచిందని ఎలా పసిగట్టిందో, జగదాంబ కొంగు లాగి చేతుల మీద కప్పుకుంది.

"ఇట్ల కాలినయేంది వదినె?"

"నూనె చిందిందిలే వదినా. వంటలు చేసేవాళ్ళకు మామూలే."

"కండ్లు కనబడక గదా? నాకు తెల్వదా? నాకు సుత గట్లనే ఉండె. ఆపరేషన్ చేయించుకున్న, మంచిగ కనబడుతున్నది. నువ్వు సుత చేయించుకో."

జగదాంబ నవ్వేసింది. "మోకాళ్ళు కూడా మార్పించుకున్నావుగా వదినా. అవెలా ఉన్నాయి?"

పదేళ్ళుగా నవ్వుతూ నవ్విస్తూ వచ్చిన ఆ పరాచికం మొదటిసారి శారదమ్మకు చురుక్కున తగిలింది. ఒట్టేసి చెప్పింది. నల్లద్దాలు చూపించింది. ఆసుపత్రి చీటీ చూపించింది, కానీ చూపు లేనివాళ్ళకు చీటీ చూపించి ఏం లాభం? జగదాంబ అంతా విని, ఒలిచిన కాయలు గిన్నెలో పోసుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"మా పిన్ని సీతారత్నానికి ఇలాగే ఊళ్ళో ఉచితంగా ఆపరేషన్ చేశారొదినా. మర్నాడు పేపర్లో ఫొటో కూడా వేశారు, కంటికి కట్టుతో, నవ్వుతూ. ఆ కట్టు విప్పాక కన్ను లేదు. విప్పాక ఫొటో ఎవరూ తియ్యలేదు. నీ మీద కోపం కాదమ్మా. వాళ్ళు నవ్వించి ఫొటో తీశారంటేనే నాకు భయం."

అసలు సంగతి జోగారావు చెప్పాడు, ఆ సాయంత్రం పర్వతాలు దగ్గరకు వచ్చి నిలబడి. కూరల్లో ఉప్పు రెండుసార్లు పడుతోందనీ, నిన్న ఒకాయన కూర వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడనీ, ఈ నెలాఖరుకు షాపు ఎత్తేద్దామని తను నిర్ణయించేశాననీ. "వయసు మీద పడి దాని ధ్యాస తప్పుతోందండీ. పొయ్యి దగ్గర ఏదైనా అయిందంటే నేను తట్టుకోలేను. చెప్తే రెండ్రోజుల నుంచి అన్నం తినడం లేదు," అన్నాడు. పాపం, భార్య పొయ్యి దగ్గరే ప్రాణం పెట్టుకుని ఉందని అతనికీ తెలుసు. ఆమెకు తప్పుతున్నది ధ్యాస కాదనీ చూపనీ మాత్రం తెలియదు. చెబితే మర్నాడే పొయ్యిలు ఆర్పేస్తాడని జగదాంబ అదీ, కాలిన చేతులూ అతనికి తెలియకుండా దాచిపెట్టింది.

శిబిరానికి జనాన్ని ఎక్కించుకుపోయే ఆసుపత్రి వ్యాను ఆఖరిసారి వచ్చేది ఆదివారం. ఆ తర్వాత ఉచిత శిబిరం లేదు. మంగళవారం నుంచి గురువారం వరకూ శారదమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. జగదాంబ సరే సరే అని కూరలు తిప్పుకునేది. బస్తీలో ఇంకెవరికి చెప్పినా అదే వరస. "ఇగ శారదమ్మక్క కండ్లు సుత బాగైనయంట" అని ఒకళ్ళ భుజం ఒకళ్ళు చరుచుకున్నారు. నిజం చెబుతున్నప్పుడు కూడా తన ముఖం తనకు అడ్డం పడుతోందని ఆమెకు అర్థమైంది. ఇంటికి వచ్చి మొగుణ్ణి నిలదీసింది.

"నా మొకం తీసెయ్యి. అన్ని ఫ్లెక్సీలల్ల నుంచి తీసెయ్యి."

"ఎట్ల తియ్యాలె శారదా? ఎన్ని కంప్యూటర్లల్ల ఉన్నదో నాకే తెల్వదు," అన్నాడు పర్వతాలు. అతను ఎన్నడూ అంత చిన్నబోయి కనిపించలేదు. "తప్పయింది. గప్పుడు నవ్వు మంచిగుండె, అందుకని పెట్టిన. గింత దూరం పోతదనుకోలే."

శుక్రవారం సాయంత్రం యోగిత మళ్ళీ వచ్చింది, ఈసారి కెమెరా అతన్ని వెంటబెట్టుకుని. ఆదివారం వ్యానుకు బస్తీ నుంచి ఒక్కరూ పేరు రాయించుకోలేదు. శారదమ్మ చేత నాలుగు మాటలు చెప్పించి వీడియో తీసి అందరి ఫోన్లకూ పంపిస్తే పని జరుగుతుందని ఆ పిల్ల ఆశ. కర్రీ పాయింటు ముందు వెలుతురు బాగుందని అక్కడే నిలబెట్టారు. కూరల కోసం వచ్చినవాళ్ళు, దారిన పోయేవాళ్ళు, పనిలేని హరికిషన్ చుట్టూ చేరారు. లోపల జగదాంబ వంకాయ కూర కలుపుతోంది.

యోగిత ఒక కాగితం ఇచ్చింది. శారదమ్మ దాన్ని దూరంగా పట్టుకుని, కూడబలుక్కోకుండా చదివింది. "అంధకారం అలుముకున్న నా జీవితంలో వెన్నెల వెలుగులు నింపిన..." అక్కడ ఆగి తలెత్తింది. "గిట్ల ఎవరు మాట్లాడుతరు బిడ్డా?"

జనం గొల్లుమన్నారు. యోగిత ఎర్రబడిన ముఖంతో, "మీ మాటల్లోనే చెప్పండి ఆంటీ," అంది.

శారదమ్మ కాగితం మడిచి బొడ్డులో దోపుకుంది. చుట్టూ చూసింది. వీళ్ళందరూ తను పుట్టింటివాళ్ళకన్నా ఎక్కువగా చూసుకున్నవాళ్ళు. వీళ్ళలో ఒక్కరూ తన మాట నమ్మరన్న దిగులు కన్నా, వాళ్ళు నమ్మకపోవడం న్యాయమేనన్న ఎరుక ఆమెను ఎక్కువగా బాధించింది.

"ముందుగాల ఒకటి చెప్పనీయుండ్రి," అంది. "నాకు మోకాళ్ళ ఆపరేషన్ కాలే. ఇల్లు రాలే. బంగారం తాకట్టు పెట్టలే, విడిపించలే. గా నూనె నేను ఒక్కనాడు నెత్తికి రాయలే. గా పింఛను ఫ్లెక్సీ కట్టిననాడు నాకు పింఛను వయసే లేకుండె, హరికిషన్‌కు తెలుసు." హరికిషన్ ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు, ఎవరూ చేయకపోయినా. "నవ్వు నాదే. మిగిలిన ముచ్చట్లు నావి గావు. ఊకున్న, అది నా తప్పు."

జనంలో నవ్వులు సద్దుమణిగాయి.

"ఇగ కంటి ముచ్చట. పొద్దుగాల ఏడింటికి లోపలికి తీస్కపోయి ఒంటిగంట దాకా కూసోవెట్టిండ్రు. ఉప్మా పెట్టిండ్రు, సల్లగ, గోడకు ఏస్తె అతుక్కుంటది. కంటి పక్కన సూది పొడిస్తె సచ్చిన అనుకున్న. కదలకు అని డాక్టరమ్మ కసిరింది. నేను కదల్లే, దగ్గొచ్చింది. మందు చుక్కలు భగ్గున మండుతయి. తలకు నీళ్ళు పోసుకోవద్దంట, నెత్తంతా దురద. కొన్ని రోజులు పొయ్యికాడికి పోవద్దంట. గీయన వండింది తినవడితి, గది ఆపరేషన్ కన్న తక్లీఫ్."

పర్వతాలు కూడా నవ్వాడు. యోగిత తల పట్టుకుంది. కెమెరా అతను ఆపమంటారా అని సైగ చేస్తే, ఆ పిల్ల ఏ కళనుందో గానీ, వద్దని తలూపింది.

"మరి కనబడుతున్నదా అక్కా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"కనబడుతున్నది."

"గా బోర్డు చదువు."

"గది ఆమె మొగుడే రాసిండు, ఆమెకు నోటికొస్తది," అన్నారు ఇంకెవరో. నమ్మకం పోయిన బస్తీ అంత తేలిగ్గా లొంగుతుందా?

అప్పుడు జెఫ్రీ గొంతు సవరించుకున్నాడు. రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయిన మనిషి, రోజూ సాంబారు కోసం వస్తాడు, మాట్లాడేది తక్కువ. "నేనొకటి చెప్తా. ఇన్నేళ్ళలో ఏ యాడ్‌లో అయినా ఉప్మా బాగాలేదని ఎవరైనా చెప్పారా? ఆమె వెళ్ళింది, తిన్నది, అందుకే చెప్తున్నది," అన్నాడు. ఆ లెక్క బస్తీకి నచ్చింది. సూది ఎంతసేపు నొప్పి పెట్టిందని ఒకామె అడిగింది. షుగరుంటే చేస్తారా అని ఒకాయన అడిగాడు. తెలిసినవాటికి శారదమ్మ చెప్పింది, తెలియనివాటికి నాకు తెల్వదు అంది. మొదట ఆ షుగరాయన, తర్వాత ఇంకో ఇద్దరు యోగిత దగ్గరకు వచ్చి పేర్లు రాయించుకున్నారు.

యోగిత ముఖం వెలిగిపోయింది. దగ్గరగా వచ్చి గొంతు తగ్గించి అడిగింది: "ఆంటీ, ఒక్కటే లాస్ట్ క్వశ్చన్. చూపొచ్చాక మీ మనసుని బాగా తాకింది ఏం చూశారు? అది చెప్పండి చాలు, ఈ వీడియో ఎక్కడికో వెళ్ళిపోతుంది."

శారదమ్మకు జవాబు తెలుసు. ఆ ప్రశ్న పూర్తికాకముందే కళ్ళముందు ఆ చేతులు వచ్చి నిలబడ్డాయి. చెబితే ఈ పిల్ల కన్నీళ్ళు పెట్టుకుంటుంది, జనం అయ్యో అంటారు, రేపటికల్లా ఊరంతా చూస్తుంది. లోపల జగదాంబ తిప్పుతున్న గరిటె చప్పుడు ఆగిపోయింది. వదినె దాచుకున్నది బయటపెట్టడానికి శారదమ్మకు మనసొప్పలేదు. తన ముఖాన్ని ఎవరెవరో ఎలా వాడుకున్నారో ఆమెకు తెలియనిది కాదు.

"పొయ్యి మీద జిడ్డు," అంది కెమెరాలోకి చూస్తూ. "గంత జిడ్డు పెట్టుకుని ఇన్నేండ్లు ఎట్ల వండిన్నో."

మళ్ళీ నవ్వులు. కెమెరా కట్టేశారు. శారదమ్మ జనాన్ని తప్పించుకుని పక్కసందులోంచి కర్రీ పాయింటు వెనక గుమ్మానికి వెళ్ళింది. జగదాంబ పొయ్యి తగ్గించి, తలుపు వైపు తిరిగి నిలబడి ఉంది, అడుగుల చప్పుడును బట్టి వచ్చింది ఎవరో తెలిసినట్టు.

"ఉప్మా మరీ అంత చెండాలంగా ఉందా వదినా?"

"ఆ పిల్లకు అబద్ధం చెప్పిన," అంది శారదమ్మ. "జిడ్డు గాదు."

"మరి?"

శారదమ్మ వెళ్ళి ఆమె కొంగు తొలగించి, రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. జగదాంబ వెనక్కి లాక్కోబోయింది గానీ శారదమ్మ వదల్లేదు. వేలితో ఒక్కొక్క మచ్చ తాకుతూ చెప్పింది. "ఇది పెనం అంచు. గిది నూనె. ఇది మూకుడు పట్టుకోబోయి. గిది మొన్నటిది. మొత్తం ఏడు మచ్చలున్నయి వదినె. పక్కపక్కన కూసొని ఇన్నేండ్లు ఉన్నం, నీకు గింత కష్టమయితుంటె నాకు కానరాలే. నాకు శానా సిగ్గయింది."

"భయంగా ఉందొదినా. మా పిన్ని..."

"మీ పిన్నికి అయింది నిజమే. నీకు కాదని నేను ఒట్టు పెట్టలేను. వందమందిల ఒకరిద్దరికి తేడా రావచ్చని నాకు సుత చెప్పి సంతకం పెట్టించుకున్నరు. నాకు సుత కాళ్ళు వణికినయి. కానీ గిట్లనే ఉంటె పొయ్యి నిన్ను మింగుతది. నేను నీతోని వస్త. నువ్వు బయటికొచ్చే దాక తలుపు కాడ్నే కూసుంట. ఇగ నీ ఇష్టం."

బయట జోగారావు ఎవరికో సాంబారు కడుతూ దారం తెంపిన చప్పుడు వినిపించింది. జగదాంబ ముక్కు ఎగబీల్చి, చేతులు శారదమ్మ చేతుల్లోనే ఉంచి అడిగింది.

"ఎన్నింటికన్నావు వ్యాను?"

"ఏడింటికి."

"ఏడు కాదొదినా, తొమ్మిది."

"ఏడే. ఆ పిల్ల నాకు చెప్పింది."

"వ్యాను కాదమ్మా. ఇంకో రెండున్నాయి." జగదాంబ జాకెట్టు చేతిని మోచేతి పైకి లాగి పట్టుకుంది. అక్కడ రెండు మచ్చలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. శారదమ్మ ఆ చేతిని గుండెకు హత్తుకుని ఏడ్చేసింది. కంట్లో నీళ్ళు పోకూడదని డాక్టరమ్మ చెప్పిన సంగతి జగదాంబే గుర్తుచేసి, తన కొంగుతో ఆమె చెంపలు తడుముతూ తుడిచింది.

తర్వాత ముందు బల్ల వైపు తిరిగి, "ఏమండీ, ఒకసారి ఇలా వచ్చి చూడండి," అని పిలిచింది. జోగారావు వచ్చేదాకా ఆమె చేతులు కప్పుకోలేదు.